పెద్ద ఫ్లాష్, ముక్కున్న పిల్ల

మెరుపు మెరవకపోతే ఫోటో దిగినట్టే కాదని జనగామ గట్టిగా నమ్మిన కాలం ఒకటి ఉండేది. మిట్టమధ్యాహ్నం నెత్తిన సూర్యుడు నిప్పులు పోస్తున్నా సరే, పెళ్ళికొడుకు కళ్ళ ముందు ఒక్కసారి ఫ్లాష్ మెరవాలి. లేకపోతే "ఏం తీసినవే? ఏం మెరవకపాయె!" అని పేచీకి దిగేవాళ్ళు. అందుకే మా మేనమామ పాత ఫ్లాష్ చెడిపోయిన వేసవిలో ఆయన దిగులుతో అన్నం మానేశాడు (ఒక పూటే. రాత్రికి తిన్నాడు. మా ఇంట్లో దాన్ని మూడు రోజులని చెబుతారు, నమ్మకండి). ఆయనది స్టేషన్ దారిలో చిన్న ఫోటో స్టూడియో. పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్న నేను అక్కడ ఫోటోల అంచులు కత్తిరించే పనిలో చేరాను. నాలుగంచులూ సమానంగా రాకపోతే నాకు ముద్ద దిగేది కాదు. కొలతల పిచ్చిదాన్నని మామ నాకు 'పట్వారీ' అని పేరు పెట్టాడు.

అదే వేసవిలో మానుకోట నుంచి నాకొక సంబంధం వచ్చింది. విత్తనాల కొట్టున్న కుటుంబం. అబ్బాయి ఫోటో ముందే పంపారు. అందులో ఆయన చెవులు రెండూ చేటల్లా విచ్చుకుని ఉన్నాయి. తల కాస్త పక్కకు తిప్పితే ఒకటైనా దాగేది, దాచలేదు. నాకు ఆ చెవులు నచ్చాయి. ఉన్నదున్నట్టు నిలబడ్డ మనిషికి ఉన్నదున్నట్టు నా ఫోటోనే వెళ్ళాలని, చూసి వద్దంటే వద్దననీ అని మనసులో పెట్టుకున్నాను. అబ్బాయి మేనత్త కూడా కబురు అలాగే పంపింది: "గదిల దిగింది మాకొద్దు. పౌడర్ కొట్టి, లైట్లేసి కాకిని కొంగను జేస్తరు. ఆరుబయట నిలబెట్టి తీసింది పంపుండ్రి."

ఆరుబయట అనగానే మామకు ప్రాణం లేచి వచ్చింది. ఫ్లాష్ కొనడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంది? నన్ను వెంటబెట్టుకుని హన్మకొండ పోయాడు. కొట్టులో మూడు ఫ్లాష్‌లు బల్ల మీద పెట్టారు. ఒకటి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. రెండోది తల అటూ ఇటూ తిరిగేది, వెలుగు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ మీట ఉన్నది. మూడోది గదలాంటిది, దాని బ్యాటరీ సంచి వేరే భుజాన మోయాలి.

"మనుషుల ఫోటోలకైతే నడిమిది మంచిగుంటదన్నా. ఎండల నీడలు కొట్టేయాల్నంటే ఎంత గావాల్నో అంత తగ్గించుకోవచ్చు" అన్నాడు కొట్టతను.

"తగ్గించుకునుడేంది? పైసలు వెట్టి తగ్గించుకుంటమా?" అన్నాడు మామ. గదను చేతిలో పట్టి, ఆనపకాయను చూసినట్టు బరువు చూశాడు. "గిది ఊరవతలికి కనబడ్తదా?"

"ఊరవతలి వాళ్ళ ఫోటో తీస్తవా మామా?" అన్నాను.

"నువ్వు ఊకోవే పట్వారీ. ఫోటో ఎవరన్న రేపు జూస్తరు. ఫ్లాష్ ఇయ్యాల్నే జూస్తరు."

మామ గదనే కొన్నాడు. తిరుగు బస్సులో ఫ్లాష్ మామ ఒళ్ళో, బ్యాటరీ నా ఒళ్ళో కూర్చున్నాయి. నేను పెట్టెలోని కాగితం చదివాను. ఫ్లాష్‌కు ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉంటే అంతతో భాగించాలి, వచ్చింది కెమెరా మీద పెట్టాలి. సంఖ్య పెరిగితే కెమెరా కన్ను చిన్నదవుతుంది, వెలుగు తక్కువ పోతుంది. ఐదో తరగతి లెక్క. మా ఫ్లాష్‌ది నూట ఇరవై. ఐదడుగుల దూరానికి ఇరవై నాలుగు. కానీ మామ కెమెరా ఎప్పుడూ ఎనిమిది మీదే ఉండేది.

"మా నాయిన ఎనిమిది మీద పెట్టి పోయిండు. ఎవ్వలన్న ముట్టుకుంటే చేతులిరుగుతయ్" అన్నాడు మామ.

చిల్పూరు గుట్ట మీది గుడి మెట్ల మీద నన్ను నిలబెట్టారు. పక్కనే మా బాపు, దేవుడికి ఒక దండం, ఫ్లాష్‌కు ఒక దండం పెట్టాడు. మామ ఐదడుగుల దూరం నుంచి, నడినెత్తి ఎండలో, ఎనిమిది మీదే ఉంచి గదను పేల్చాడు. మొక్కుకు వచ్చిన వాళ్ళంతా ఆగి "అబ్బో" అన్నారు. మామ జన్మ ధన్యమైంది. నాకు మాత్రం కాసేపటి దాకా లోకమంతా ఆకుపచ్చగా కనబడింది.

ఎనిమిదిని మార్చలేను, మామను మార్చలేను. మిగిలింది దూరం. "మామా, ఎండకు తట్టుకుంటలేను" అని మండపం నీడలోకి జరిగి, ఇంకొకటి తీయమన్నాను. ఇంకో పదడుగులు వెనక్కి పొమ్మన్నాను: మొత్తం పదిహేను, నూట ఇరవైని భాగిస్తే సరిగ్గా ఎనిమిది. పగటి వెలుగు కూడా కలుస్తుంది కాబట్టి, ఇంకాస్త తగ్గేలా, "దుమ్ము వడ్తది, కొత్తది గదా" అని ఫ్లాష్ ముఖం మీద నా తెల్ల చేతిరుమాలు నేనే కప్పాను. కొత్త వస్తువు మీద దుమ్మంటే మామ ఏదైనా ఒప్పుకుంటాడు.

ఫోటోలు కడిగాం. మొదటిదానిలో రెండు కళ్ళు, ఒక బొట్టు, కింద చీర. మధ్యలో మైదాపిండి. ముక్కు లేదు. రెండోదానిలో నేను ఉన్నాను, నా రంగుతో, నా ముక్కుతో. కుడి కనుబొమ్మ మీది మచ్చతో సహా.

"మొదటిదే పంపుదాం. ఎంత తెల్లగొచ్చినవ్ బిడ్డా!" అన్నాడు బాపు.

"ముక్కేది బాపూ?"

"ముక్కు వాళ్ళొచ్చినంక చూసుకుంటరు తియ్."

ఆయన సంతోషం ఆయనది. అయితే కవరు అంటించే పని నాది. రెండూ పెట్టి అంటించాను.

తర్వాతి వారమే మానుకోట వాళ్ళు అబ్బాయితో సహా మా ఇంట్లో దిగారు. మామ ముందే వచ్చి, కొత్త ఫ్లాష్‌ను అందరికీ కనబడేలా గోడకు తగిలించాడు. మేనత్త చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, నన్ను కిందికీ మీదికీ చూసింది. "మంచిగనే ఉన్నది. ఇగ పెద్ద పిల్లను గుడ పిలువుండ్రి."

"పెద్ద పిల్ల ఎవరక్కా?" అన్నాడు బాపు.

"గదే, తెల్లపిల్ల. ఇద్దరి ఫోటోలు పంపిండ్రు గదా. మాకు తెల్లపిల్లనే నచ్చింది."

బాపు మామను చూశాడు. మామ గోడకు వేలాడుతున్న ఫ్లాష్‌ను చూశాడు. దాని పరువు పోతుందనుకున్నాడో ఏమో, "ఆ పిల్ల... గార్ల ఊరికి పోయింది. చుట్టాలింటికి" అన్నాడు.

నోరు మూసుకుంటే, లేని తెల్లపిల్ల నా పెళ్ళి చేసుకుపోయేలా ఉంది. "గార్లకు ఎవ్వలు పోలేదత్తా. రెండు ఫోటోలల్ల నేనే. ఆ తెల్లపిల్లను మా మామ హన్మకొండల కొనుక్కొచ్చిండు, అగో, గోడకున్నది" అన్నాను.

మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదేం మోసమమ్మా! ఎండల తియ్యమన్నది గిందుకేనా!" అని లేవబోయింది.

అప్పటిదాకా నేల చూస్తున్న అబ్బాయి తలెత్తాడు. చెవులు ఫోటోలోకన్నా ఎర్రగా ఉన్నాయి. "కూసో అత్తా. నాకు ముక్కున్న పిల్లనే గావాలె" అన్నాడు.

ఆ పెద్ద ఫ్లాష్‌తో మామ ఇంకా చాలా ఏళ్ళు జిల్లాలోని ముక్కులన్నీ మాయం చేశాడు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. మళ్ళీ మళ్ళీ ఆయననే పిలిచారు.

మొన్న మా మనుమరాలు పెళ్ళికి ముందు ఫోటోలంటూ మమ్మల్ని భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం తీసుకుపోయింది. గోదావరి ఒడ్డున ఫోటోల అబ్బాయి తెల్ల గొడుగులో చిన్న ఫ్లాష్ పెట్టి, పెళ్ళి చేసుకోబోయే పిల్లలిద్దరినీ తీశాక, "అవ్వా, తాతా, మీరు గుడ నిలవడుండ్రి" అన్నాడు. తీసి, తెరమీద చూపించాడు. దూరం సరిగ్గా ఉంది, వెలుగు సరిగ్గా ఉంది, నీడ ఎక్కడుండాలో అక్కడే ఉంది. ప్రతి ముడతా లెక్కకు వచ్చింది. తప్పు పట్టడానికి ఏమీ లేక చాలాసేపు చూశాను. ఆ తర్వాత ఎవరూ వినకుండా, "బిడ్డా, జర వెలుగు పెంచరాదు" అన్నాను.

"ఎంత పెంచాలె అవ్వా?"

నాకు లెక్క తోచలేదు. చెవులు ఇప్పుడు ఇంకా పెద్దవైన మా ఆయన పక్క నుంచి అందుకున్నాడు:

"ఎంతన్న పెంచు బిడ్డా. ముక్కొక్కటి ఉంచు."