మూర్తి సార్ వంగి చూడని వెలుగు

నిన్న సాయంత్రం మా బ్యాచ్ గ్రూపులో మెసేజ్. మూర్తి సార్ రేపల్లెలో పోయారట.

నమ్మబుద్ధి కాలేదు. ఆయన మీద నా కోపం ఇంకా నిక్షేపంగా ఉంది. ఆయన ఎలా పోతారు?

పొద్దున్నుంచి అందరూ మహానుభావుడు, గ్రేట్ టీచర్ అని రాస్తున్నారు. రాసుకోండి. నా వల్ల కాదు.

1987. బాపట్లలో బీఎస్సీ ఫైనల్ ఇయర్. అంగలకుదురు నుంచి తెనాలి వచ్చి, రైలెక్కి కాలేజీకి వెళ్లేదాన్ని. సార్ మాకు క్వాంటమ్ మెకానిక్స్ చెప్పేవారు. చెప్పడమంటే నోట్స్ డిక్టేట్ చేయడమే. కొన్ని కొలతలు ఒకదానితో ఒకటి పొసగవు, రెండోది కొలిస్తే మొదటిది చెడుతుంది, రాసుకోండి. అంతే.

నాకేమో అది కళ్లతో చూడాలని.

మా అన్నయ్యకు తెనాలిలో రిపేరు షాపు. పాడైన క్యాలిక్యులేటర్ల డిస్‌ప్లేల మీది పోలరాయిడ్ పొరలు మూడు ఊడదీసి ఇచ్చాడు. ఒక్కో పొర ఒకే దిశలో ఊగే వెలుగును మాత్రమే పోనిస్తుంది.

ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే వెలుగు పూర్తిగా ఆగిపోయింది. ఆ రెండింటి మధ్య మూడోది ఏటవాలుగా దూర్చాను.

వెలుగు మళ్లీ వచ్చింది.

ఏటవాలుగా కొలవగానే, నిలువు అన్న మొదటి జవాబు చెరిగిపోయిందన్నమాట. సార్ డిక్టేట్ చేసిన వాక్యమే అది.

రికార్డులో రాసుకుని, ల్యాబ్‌లో ఆ పొరలు కిటికీకి ఎదురుగా పట్టి, ఒక్కసారి వంగి చూడండి సార్ అన్నాను. ఆయన కుర్చీలోంచి కదల్లేదు. రికార్డు లాక్కుని, పేజీ మొత్తం ఎర్ర ఇంకుతో కొట్టేసి, "కల్పితం" అని రాశారు.

"మూసిన తలుపుల మధ్య ఇంకో తలుపు బిగిస్తే దారొస్తుందా అమ్మా?"

క్లాసంతా నవ్వింది. ప్రాక్టికల్స్ మార్కులు కోసేశారు. నా ఎమ్మెస్సీ సీటు అక్కడే పోయింది.

తొమ్మిదేళ్ల తర్వాత రేపల్లెలో ఒక పెళ్లిలో కనిపించారు. రిటైరయ్యారు, మనిషి బాగా తగ్గారు. నన్ను పక్కకు పిలిచి, ఈమధ్యే లెక్క వేసి చూశానని, వెలుగు రావాలనే తేలిందని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించారు.

"ఆ రోజు నిజంగా వచ్చిందా అమ్మా? నువ్వు చూశావా?"

తప్పయింది అన్న ఒక్క మాట కోసం ఆగాను. రాలేదు.

"మీరు వంగి చూడాల్సిందండి," అనేసి భోజనాల వైపు వెళ్లిపోయాను. ఆయన అక్కడే నిలబడిపోయారు. మళ్లీ కలవలేదు.

ఆ ఎర్ర ఇంకుని ఇవాళ కూడా క్షమించను సార్. కానీ అడిగినవాళ్లకి జవాబు ఇవ్వకపోవడం మీ పద్ధతి. నాది కాకూడదు.

వచ్చింది సార్. నేను చూశాను.

ఇక ప్రశాంతంగా ఉండండి.