జాజికాయ లేని పుడ్డింగ్

అమెరికాలోని సవానా ఊళ్ళో మిస్ వెర్లీన్ నలభై ఏళ్ళు బడిపిల్లలకు వండిపెట్టింది. ఇప్పుడు ప్రతి గురువారం నాలుగయ్యేసరికి నీలం టోపీ పెట్టుకుని, తెల్లగుడ్డలు పరిచిన ఆ ఖరీదైన హోటల్లో కిటికీ పక్కన కూర్చుంటుంది. హ్యాపీ అవర్‌లో పీచ్ పండు వేసిన బోర్బన్ విస్కీ సగం ధరకే ఇస్తారు. రెండు గుక్కలు పడితే చాలు, బయట ఓక్ చెట్లు నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగుతాయి. పోయినవాళ్ళంతా పక్క బల్ల దగ్గర కూర్చుని నవ్వుతున్నట్టుంటుంది.

ఆ వారం కొత్తగా అరటిపండు పుడ్డింగ్ పెట్టారు. ఒక చెంచా నోట్లో పెట్టుకోగానే ఆమె కళ్ళు మూసుకుంది. వెన్నను అంత ఎర్రగా కాచేది తనొక్కతే. ఎప్పుడో చర్చి ఆడవాళ్ళు అచ్చేయించిన వంటల పుస్తకానికి ఈ పుడ్డింగ్ చేసే పద్ధతి రాసిచ్చింది, జాజికాయ సంగతి మాత్రం దాచుకుని. ఆ పుస్తకంలో ఏదో ఒకటి దాచుకోకుండా రాసినావిడ ఒక్కర్తీ లేదు.

పెద్ద వంటవాడు లామాంట్ స్వయంగా వచ్చి నిలబడ్డాడు.

“ఎలా ఉందండీ మిస్ వెర్లీన్? మా అమ్మమ్మ దాచిన చర్చి పుస్తకంలోది. ఎన్నిసార్లు చేసినా ఏదో తక్కువైనట్టే ఉంటుంది.”

“తక్కువే మరి.”

“అదేంటో చెప్పి పుణ్యం కట్టుకోండమ్మా!”

“నా కూతుళ్ళకే చెప్పలేదయ్యా.” ఆమె చెంచా శుభ్రంగా నాకింది. “నన్ను పూడ్చిన రోజు చర్చిలో భోజనాలకి ఈ పుడ్డింగ్ నువ్వే చెయ్యి నాయనా. ఆ తక్కువైనదేంటో ముందురోజు కబురు చేసి చెప్తాలే.”