టర్కీ కడుపులో మంచు

అమెరికాలో, ఫ్రిస్కోలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు, థ్యాంక్స్‌గివింగ్ పండగనాడు పక్కింటి డేవ్ మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఇంటిముందు గ్యాస్ పొయ్యి మీద లోతైన గిన్నెలో నూనె కాగుతోంది. టర్కీ కోడిని మొత్తంగా అందులోకి దింపుతాడట. పొయ్యి చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఎవరూ దాటొద్దన్నాడు.

ముప్ఫై ఏళ్లు గారెలు వేయించినదాన్ని, తడిచేత్తో ఎవర్నీ మూకుడు దగ్గరికి రానివ్వను. ఇక్కడ కొక్కేనికి వేలాడుతున్న కోడి నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారుతున్నాయి. ఉండబట్టలేక గీత దాటాను.

"మేడమ్, స్టే బ్యాక్ ప్లీజ్!" అని అరిచాడు డేవ్.

"నువ్వూరుకో అక్కా, ఆయన ఏటా చేస్తాడు," అంది చెల్లెలు.

"ముందు దాని కడుపులో చెయ్యి పెట్టి చూడమని చెప్పవే!"

చెల్లెలు చెప్పింది. అతను విసుక్కుంటూనే చెయ్యి పెట్టి, గుప్పెడు మంచుగడ్డలు బయటికి తీశాడు. అవి నూనెలో పడితే పొంగి మంట లేచేదే! వెంటనే పొయ్యి ఆర్పేశాడు.

కోడి ఓవెన్‌లోకి వెళ్లింది. అది ఉడికేదాకా నాలుగు గంటలు అందరూ ఆకలితో నన్నే గుర్రుగా చూశారు. మంట లేవలేదన్న సంతోషం ఒక్కరికీ లేదు!

వచ్చేటప్పుడు డేవ్ నవ్వుతూ సుద్దముక్క నా చేతిలో పెట్టి, "నెక్స్ట్ ఇయర్ గీత మీరే గీయాలి," అన్నాడు.

అంటే, మళ్లీ వేయిస్తాడన్నమాట!