చీకటి తీసేసే మోడ్

మా చిన్నప్పుడు పెరంబూరులో వీధి దీపాలు వెలిగే వేళకల్లా చిన్నాయన ఇల్లు చేరేవాడు... చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. రైలు పెట్టెలకు రంగులేసే పని. పని నుంచి వచ్చి స్నానం చేశాడంటే ఇక గడప దాటడు. స్నేహితులు టీ కొట్టు దగ్గరికి రమ్మని పిలిచి పిలిచి విసిగిపోయి, కొత్త పెళ్లికూతురని పేరు పెట్టారు.

అసలు సంగతి మా ఇంట్లోవాళ్లకే తెలుసు. ఆయనకు రేచీకటి. పొద్దుగూకితే కాళ్ల దగ్గరున్న చెంబు కూడా కనపడదు. కళ్లకు మంచిదని అవ్వ పట్టుబట్టి పొన్నగంటి కూర వండి పెట్టేది. ఆ కూరంటే ఆయనకు ఒళ్లుమంట... అయినా పాపం నోరెత్తకుండా తినేవాడు.

ఆ సాయంత్రాలు గడవడానికే ఒక పాత కంప్యూటర్ కొన్నాడు. అందులో ఉన్నది ఒకటే ఆట. పాతకాలపు రాజులు, కోటలు, కత్తులు, గుర్రాల దండు... కట్టెలు కొట్టించాలి, పొలాలు వేయించాలి, సైన్యాన్ని తయారుచేసి పక్క రాజు కోట కూలగొట్టాలి. మౌస్ ఆయన చేతిలో, కీబోర్డు నా ఒళ్లో. అవ్వ మాత్రం వెనక ముక్కాలిపీట మీద కూర్చుని, ఎవరు చస్తున్నారో తెలియకపోయినా అయ్యో అయ్యో అనేది.

ఆ ఆట మీద పిచ్చి ఉన్నవాళ్లు ఏ దేశంలోనో కూర్చుని దానికి సొంతంగా మార్పులు తయారుచేసి అందరికీ పంచేవారు. వాటిని మోడ్‌లు అనేవాళ్లం. కంప్యూటర్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్టతను వాటన్నిటినీ ఒకే సీడీలో ఎక్కించి అమ్మేవాడు. మా కంప్యూటర్లో చోటు తక్కువ... ఒకటి పెట్టాలంటే ఇంకోటి తీసేయాల్సిందే. అందుకని మోడ్ ఎంచుకోవడం మా ఇంట్లో పెళ్లిచూపులంత వ్యవహారం. వాటి వెంట వచ్చే ఇంగ్లీషు వివరం నేను తప్పులతో చదివి చెప్పేదాన్ని, ఆయన వంకలు పెట్టేవాడు.

ఏనుగుల దండు వచ్చే మోడ్ ఒకటి ఎంతో ఆశపడి పెట్టాను. "ఇది ఏనుగా? తొండం అతికించిన పంది పాపా ఇది. తీసెయ్" అన్నాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ ఆట మొదలైనప్పుడు తెరంతా నల్లగా ఉంటుంది. మన మనుషులున్న చోట మాత్రం గుండ్రంగా కాస్త నేల కనిపిస్తుంది. ఒకరోజు చిన్నాయన కంటి ఆస్పత్రికి వెళ్లొచ్చాడు. ఆట పెట్టమని చెప్పి, ఆడకుండా ఆ నలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నాకూ ఇట్లానే కనబడతా ఉండాది పాపా... నడిమధ్యలో ఇంత. చుట్టూ ఏమీ లేదు."

"మందేస్తే సరిపోతాది కదా చిన్నాయనా?"

"లేదంట. ఉండేది కూడా చిన్నదైపోతా వస్తాదంట."

నాకు ఏడవాలని తోచలేదు. సీడీ తీసి కూర్చున్నాను. ఇన్ని మోడ్‌లున్నప్పుడు ఆ నలుపును తీసేసేది ఒకటి ఉండకపోతుందా... ఆయన కళ్ల సంగతి నా చేతిలో లేదు, ఆటలోనైనా ఆయనకు అంతా కనబడాలి. నాకు ఇంకేమీ పట్టలేదు. బడిలో స్నేహితురాలితో అంటే, "ఛీ, అది తొండి. అట్లా ఆడితే ఏం మజా?" అంది. దానితో కొన్నాళ్లు మాట్లాడలేదు నేను.

చివరికి దొరికింది. పెట్టి, ఆటను తెరిచాను. నలుపు మొత్తం పోయింది... పచ్చటి నేల, అడ్డంగా నది, ఎక్కడో మూలన శత్రువు ఎర్ర కోట, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి.

"చూడు చిన్నాయనా, అంతా కనబడతా ఉండాది!"

"అవును పాపా. శానా బాగుండాది" అన్నాడు.

కాసేపటికి కుడివైపు నుంచి గుర్రాలు వచ్చిపడ్డాయి. అంత వెలుగులో, అంత దండు. "ఆడ... ఆడ!" అని అరిచాను. ఆయన తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఏడ పాపా?" అంటూనే ఉన్నాడు. ఈలోపు మా మనుషులందరూ పోయారు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ తెర వెలిగింది నా ఒక్కదానికే.

అయినా నేను మొండిగా ఆ మోడ్‌నే ఉంచాను. రోజూ నేను అరవడం, ఆయన వెతుక్కోవడం, ఓడిపోవడం. ఒకనాటి సాయంత్రం ఆయన మౌస్ వదిలేసి, నా తల మీద చెయ్యి వేశాడు.

"పాత చీకటిదే పెట్టు పాపా. దాంట్లో అయితే నీకెంత కనబడతాదో నాకూ అంతే కనబడతాది."

ఆ మోడ్ తీసేశాను. అప్పుడొచ్చింది ఏడుపు... అవ్వ వెనక నుంచి ఏమైంది ఏమైంది అంటూనే ఉంది. ఆ చిన్న గుండ్రంలోకి ఇద్దరం తలలు దగ్గరగా పెట్టి చూస్తూ మళ్లీ మొదటి నుంచి ఆడాం. ఆ పూట మేమే గెలిచాం.

నేను బడి చదువు పూర్తి చేసేలోపే ఆయనకు ఆ కాస్త చూపు కూడా పోయింది. ఇప్పుడు మనిషే లేడు.

ఈ రోజుల్లో ఆటల్లోనే అన్నీ ఉంటున్నాయి... అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, తెర మీద ఏముందో ఒక గొంతు చదివి చెబుతుంది. మా అమ్మాయి అవేవీ చూడకుండానే దాటేసి ఆట మొదలుపెట్టేస్తుంది, చెవుల్లో ఏదో పెట్టుకుని, ఒక్కతే. నేను మాత్రం ఆ సదుపాయాల వరుస దగ్గర ఆగిపోతాను. కొంచెం ముందు రాకూడదా ఇవన్నీ అనిపిస్తుంది.

మీరు ఎవరి పక్కన కూర్చుని ఆడేవారో రాయండి... ఆట పేరు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఆ మనిషి గురించి చెప్పండి.