ఈస్టుకి కొసరి వడ్డించిన మేడమ్

భీమవరంలో నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా ల్యాబ్ మేడమ్ ఎవరినీ అర్ధాకలితో లేవనిచ్చేవారు కాదు. క్యారేజీ మూత తీశారంటే "ఇంకొక్క ముద్దండీ" అంటూ అందరికీ కొసరి కొసరి వడ్డించాల్సిందే.

ఆ చెయ్యే మా ప్రాజెక్టు కొంప ముంచింది. నూకలు ఉడికించి, ఎంజైమ్ కలిపి తీసిన తీపినీళ్లు ఒక గొట్టంలోంచి, తీపిని తిని ఇథనాల్ చేసే ఈస్టున్న గాజు జాడీలోకి బొట్టుబొట్టుగా పడుతుంటే, ఇంకో గొట్టంలోంచి ఇథనాల్ కలిసిన నీళ్లు ఆగకుండా బయటికి రావాలి. పాపం, ఈస్టుకి ఆకలేస్తుందేమోనని మేడమ్ కుళాయి ఎక్కువ తిప్పేశారు. పెరిగేలోపే ఈస్టంతా ఆ వరదకి కొట్టుకుపోయింది. బుడగలు ఆగిపోయాయి.

"మన గోదావరి మర్యాద దీనికి పడదర్రా!" అని పకపకా నవ్వారు.

ఈసారీ కుదరకపోతే ప్రాజెక్టు ఆపేసి జాడీ స్టోరుకి పంపేయమన్నారు హెచ్.ఓ.డి. గారు. రెండోసారి మేడమ్ జాడీ ముందు నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. కుడిచెయ్యి కుళాయి మీదికి పోకుండా ఎడమచేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. జాడీ నిండా బుడగలు కుతకుతలాడుతూనే ఉన్నాయి. బయటికొచ్చిన నీళ్లు కాచి, ఆవిరి చల్లార్చి పట్టిన ద్రవానికి హెచ్.ఓ.డి. గారి ఎదుటే అగ్గిపుల్ల చూపించాం. నీలిమంట!

"వచ్చిందర్రా, వచ్చింది!" అని మేడమ్ చిన్నపిల్లలా గెంతారు. అప్పుడు వదిలారు ఆ మణికట్టు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెరిచి, ఒకటి నమిలేలోపే ఇంకోటి నా నోట్లో కుక్కుతుంటే, "చాలు మేడమ్!" అని మొత్తుకున్నాను.

"నువ్వేం కొట్టుకుపోవులే, తిను!"