ఊనాకు చెప్పిన ధర

డండీలో ఆ ఇల్లు చూడడానికి వెళ్లిన రోజున ఇష్‌బెల్ పడకగది అనుకుని గోడ అల్మరాలోకి నడిచి, వెనకాలే తలుపు వేసుకుంది. కాసేపటికి బయటికి వచ్చి, అల్మరా విశాలంగానే ఉందని ఇంటివాళ్లతో మర్యాదగా చెప్పింది.

ఆమె సిటీ బస్సు నడుపుతుంది, టికెట్లూ తనే ఇస్తుంది. పై అంతస్తులో కాపురం, మెట్లెక్కనని మొరాయించే మోకాళ్లు. ఈ ఇల్లేమో నేలమీదే ఉంది, వెనక చిన్న పెరడు కూడానూ. ఆ ఊళ్లో ఇల్లు కొనాలంటే ఎదురెదురుగా కూర్చుని బేరమాడడం ఉండదు. కొనేవాళ్లు ఎవరి ధర వాళ్లు లాయరు చేత గుట్టుగా, ఒక్కసారే పంపాలి. ఎక్కువ పెట్టినవాళ్లదే ఇల్లు.

ఇష్‌బెల్ తన ధర ఎవరికీ చెప్పలేదు. ఆడపడుచు ఊనా మాత్రం టీ తాగుతూ, "నాకెందుకు చెప్తావులే వదినా, పరాయిదాన్ని కదా" అని మూతి ముడిచేసరికి మనసు కరిగి చెప్పేసింది.

"అంత పెడితే ఇంక నీదే వదినా. పోటీకి ఎవరొస్తారు?" అంది ఊనా, ఇంకో బిస్కెట్ అందుకుంటూ.

వంద పౌండ్లు ఎక్కువ పెట్టి ఆ ఇల్లు ఊనాయే కొనుక్కుంది.

కబురు తెలిసిన రోజు ఇష్‌బెల్ సగం మెట్లెక్కి అక్కడే కూలబడిపోయింది. ఇల్లు పోయినదానికన్నా, తన చేతి టీ తాగి వెళ్లి మరీ ఆ పని చేసిందన్నదే ఆమెను ఎక్కువ కోసింది.

కొన్నాళ్లకు ఊనా ఆమె బస్సే ఎక్కి, నలుగురూ వినేలా నిష్ఠూరమాడింది. "గృహప్రవేశానికి రాలేదు, సరే. ఎదురుపడినా ఒక్క మాట మాట్లాడవేం వదినా?"

ఇష్‌బెల్ టికెట్ ఆమె చేతిలో పెట్టింది.

"కిందటిసారి మాట్లాడితే ఇల్లు పోయింది, ఈసారి బస్సు కూడా పోతుందేమోనని."