స్పాంజి మీద మూడో గీత

2006 ఆగస్టు 17, గురువారం, ఉదయం ఎనిమిది గంటలకు ఇది మొదలైంది. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ప్రతిదానికీ కారణం ఉంటుందని, అది వెతికితే దొరుకుతుందని నా చదువు నాకు నేర్పింది. అందుకే చూసింది చూసినట్టు మాత్రమే రాస్తున్నాను.

అప్పట్లో నేను పాతబస్తీలోని ఒక బోధనాసుపత్రిలో తాత్కాలిక కంప్యూటర్ ఉద్యోగిని. సర్జరీ నేర్చుకుంటున్న డాక్టర్లు మా గదిలో స్పాంజి దిమ్మ మీద కుట్లు వేసేవారు. కుడి గ్లౌజుకు పసుపు చుక్క, ఎడమ గ్లౌజుకు ఆకుపచ్చ చుక్క. పైనున్న కెమెరా ఆ చుక్కలను వెంబడించేది. చేతులు తిరిగిన దారిని కంప్యూటర్ రెండు గీతలుగా గీసేది. అనుభవమున్న చేయి తక్కువ దూరం తిరుగుతుంది, కొత్త చేయి తడుముకుంటుంది. గీతల పొడవును బట్టి మార్కులు పడతాయి. వీడియోలో మొహం ఉండదు, పేరు ఉండదు. మొహం చూసి మార్కులు వేసే అలవాటు పోవాలని మా ప్రొఫెసర్ మేడమ్ పట్టుబట్టి ఈ పద్ధతిని తెచ్చారు.

పగలంతా నేను చూసేది చేతులనే. ఆ చేతుల మనుషులు వరండాలో ఎదురైనా నన్ను పలకరించేవారు కారు. మొహాలను బట్టి నేనూ వారిని పోల్చుకోలేకపోయేవాణ్ణి. ఉప్పుగూడలోని అద్దెగదిలోనూ ఎవరూ లేరు. మా అమ్మ జూలైలో పోయింది. చీరల మీద మగ్గం ఎంబ్రాయిడరీ పని చేసి నన్ను చదివించిన మనిషి. దినకర్మలు ముగించుకుని నేను తిరిగి పనిలో చేరింది ఆ గురువారమే.

డాక్టర్లు రాకముందు కెమెరా సరిగా ఉందో లేదో చూడడానికి రోజూ నేనే గ్లౌజులు తొడుక్కుని కొన్ని కుట్లు వేయాలి. ఆ రోజూ వేశాను. తెరపై పసుపు గీత, ఆకుపచ్చ గీత, వాటి మధ్య మరో తెల్ల గీత వచ్చాయి. తనకు తెలియని చుక్క కనబడితే కంప్యూటర్ తెలుపు రంగు వాడుతుంది. వీడియోలో మాత్రం నా రెండు చేతులే ఉన్నాయి.

లైటు మెరుపేమో అనుకుని కిటికీకి నల్లగుడ్డ కట్టాను. స్టీలు ట్రేలు తీసేశాను. కెమెరా అద్దం తుడిచాను. గీత శుక్రవారమూ వచ్చింది, శనివారమూ వచ్చింది.

శనివారం ఆ రికార్డును నెమ్మదిగా నడిపించి చూశాను. నా సూది దిగబోయే చోటికి తెల్ల గీత ముందే చేరి ఆగుతోంది. సూది లేవగానే జరిగి, తరువాతి కుట్టు దగ్గర కాచుకుంటోంది. మగ్గం పనిలో ఒక చేయి గుడ్డపైన సూదిని నడుపుతుంది. రెండో చేయి గుడ్డ కింద ఉండి దారం అందిస్తుంది. పైనుంచి చూసేవారికి ఆ చేయి కనిపించదు. చిన్నప్పుడు మగ్గం కింద పడుకుని నేను చూస్తూ నిద్రపోయింది ఆ చేతినే. కానీ ఇక్కడ సూది కింద ఉన్నది బల్లకు బిగించిన స్పాంజి దిమ్మ. అందులో చేయి దూరదు.

"శీను భాయ్, ఏంది గట్ల బిగుసుకుపోయినవ్? ఛాయ్ సల్లారుతుంది," అన్నాడు ఆపరేషన్ థియేటర్ అటెండర్ రఫీక్ భాయ్. తెర చూపించాను. "మూడు చేతులా? మస్తుంది! ఒకటి నాకియ్యరాదు, స్ట్రెచర్ తొయ్యనీకి పనికొస్తది."

అప్పుడే లోపలికి వచ్చి తెర చూసిన మేడమ్ నవ్వలేదు.

"సోమవారం పరీక్ష, శ్రీనివాస్. లేని చెయ్యి చూపించే మిషనంటే మన పెద్ద డాక్టర్లు ఊరుకుంటారా? పాత పద్ధతే మేలంటారు. ఆ పొద్దున కూడా ఈ గీత ఉంటే మిషన్ తిప్పి పంపించేస్తాను. దాంతోపాటు నీ పోస్టూ పోతుందయ్యా, నేనేం చెయ్యలేను."

ఆదివారమంతా అద్దెగదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. ఆ గీత పోతుందన్న భయం అంతకంటే ఎక్కువగా ఉంది.

సోమవారం మేడమ్ ఎదుటే గ్లౌజులు రఫీక్ భాయ్‌కి ఇచ్చాను.

"నేనా? గుండీ కుట్టుడు గూడ రాదు భాయ్ నాకు!"

"ఎట్లొస్తే అట్ల కుట్టు."

వంకరటింకరగా కుట్టాడు. తెరపై రెండే గీతలు. తరువాత నేను తొడుక్కున్నాను. మొదటి కుట్టుకే తెల్ల గీత వచ్చి సూది కింద నిలిచింది.

"మిషన్ బాగానే ఉంది," అన్నారు మేడమ్, గొంతు తగ్గించి. "ఇక నువ్వు మాత్రం దీని కింద చెయ్యి పెట్టకు, నాయనా."

సరేనన్నాను. గ్లౌజులు విప్పేశాను. పరీక్ష జరిగింది, మార్కులు గీతల ప్రకారమే పడ్డాయి. మిషన్ అమ్మిన కంపెనీ ఇంజినీరు రికార్డులన్నీ చూసి, లోపమేమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ గీత ఎందుకు వచ్చిందో నేను ఈనాటికీ చెప్పలేను.

ఆ తరువాత మారింది ఒక్కటే. ఆ ఆసుపత్రిలో నేను పనిచేసినన్నాళ్ళూ ఉదయపు కుట్లు రఫీక్ భాయ్ వేశాడు. నేను మళ్ళీ గ్లౌజులు తొడుక్కోలేదు.